దిగడానికి కొనే బండి

గత నెలలో మా తోడల్లుడు ఒక కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. డాలస్‌కు ఈశాన్యాన, ఫార్మర్స్‌విల్ దాటిన తరువాత, అతను ఈమధ్యే 15 ఎకరాలు కొన్నాడు. ఆ భూమిలో పనికి ఒక సైడ్ బై సైడ్ (పక్కపక్కన కూర్చుని, వెనక సామాను వేసుకుని పొలంలో నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) తీసుకుందామని షోరూమ్‌కు వెళ్తే, బండి ధర ఒక ఎత్తు, దానికి తగిలించగల సరంజామా ధర ఒక ఎత్తు అయిందట. ఆ సరంజామా జాబితాలో 14 చోట్ల టిక్కు పెట్టి ఉంది: అద్దాల క్యాబిన్, ఏసీ, ముందు వించ్ (తాడును చుట్టుకుంటూ బరువును లాగే మోటారు), పైకప్పు మీద లైట్ల పట్టీ, స్పీకర్లు, బండిని ఇంకో రెండు అంగుళాలు పైకి లేపే కిట్, దానికి తగ్గ పెద్ద టైర్లు, ఇంకా ఏవేవో. కింద ఒకే వాక్యం: "అన్నయ్యా, వీటిలో ఏవి తీసేయవచ్చు?"

వెంటనే జవాబివ్వలేకపోయాను. ఆరేళ్ల కిందట నేను పెట్టిన టిక్కులు కూడా దాదాపు ఇవే. అప్పుడు నేను బండిని చూసింది డ్రైవరు సీట్లో కూర్చుని. ఆరేళ్లు పని చేశాక దాన్ని చూసే చోటు మారింది. ఇప్పుడు ఎక్కువసేపు దాని పక్కన, చేతిలో సుత్తితోనో భుజాన దాణా బస్తాతోనో నిలబడి చూస్తున్నాను. షోరూమ్‌లో అమ్మే ఆప్షన్లలో ఎక్కువ భాగం నడపడానికి సంబంధించినవి, పొలంలో పని మాత్రం దిగిన తరువాతే మొదలవుతుంది. కాబట్టి ఇటువంటి బండిని ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసింది అది ఎక్కడెక్కడికి వెళ్లగలదని కాకుండా, రోజుకు ఎన్నిసార్లు అందులోంచి దిగుతాం, దిగిన మనిషికి అది ఎంత అందుబాటులో ఉంటుంది అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం మీద నాకే కొన్ని అనుమానాలు ఉన్నాయి, మా ఇంట్లో ఒక గట్టి ఆక్షేపణ కూడా ఉంది. అందుకే ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పకుండా ఇంత పొడుగున రాస్తున్నాను.

లెక్కపెట్టిన శనివారం

మాది ఫానిన్ కౌంటీలో 22 ఎకరాలు, ముప్పై మేకలు. మేకలు మొదట ఆస్తిపన్ను తగ్గింపు కోసం వచ్చినవే. ఇప్పుడు పొలం వాటిది, చాకిరీ మాది. నేల నల్లరేగడి. టెక్సస్‌లోని ఈ నల్లనేలలో పేరుపడ్డ రకాన్ని హ్యూస్టన్ బ్లాక్ అంటారు. నంద్యాల పక్కన కుందూ ఒడ్డున నేను పుట్టి పెరిగిన నేలనూ దీన్నీ మట్టి శాస్త్రజ్ఞులు వర్టిసాల్ అనే ఒకే తరగతిలో చేర్చారు. ఇంగ్లీషు భూగోళ పుస్తకాల్లో రేగర్ అని కనిపించే మాట మన రేగడే. ఎండితే కాలు దూరేంత నెర్రెలిస్తుంది. తడిస్తే మనిషిని వదిలిపెట్టి చెప్పును ఉంచేసుకుంటుంది. ఇక్కడి బండి గురించి రాసేటప్పుడు ఈ నేల సంగతి ముందు చెప్పకపోతే తరువాత చెప్పేదేదీ నిలవదు. రాళ్ల గుట్టల్లోనో ఇసుక నేలల్లోనో భూమి ఉన్నవారి లెక్క వేరుగా ఉంటుంది.

ఒక శనివారం, దిగిన ప్రతిసారీ డాష్‌బోర్డు మీద సుద్దతో ఒక గీత గీశాను. సాయంత్రానికి 47 గీతలు. ఆ రోజు బండి తిరిగిన దూరం 6 మైళ్లు. అంటే సుమారు 225 గజాలకు ఒకసారి దిగానన్నమాట. వాటిలో 18 గేట్ల దగ్గరివే, ఎందుకంటే తోడు ఎవరూ లేనప్పుడు ఒక్కొక్క గేటుకు రెండేసి సార్లు దిగాలి: తెరవడానికి ఒకసారి, బండిని అవతలకు దాటించాక మూయడానికి ఇంకోసారి. కంచె బాగుచేయడానికి 12 సార్లు, దాణాకూ నీళ్లకూ 8 సార్లు, దారికి అడ్డంగా పడ్డ కొమ్మలు తీయడానికి 5 సార్లు. మిగిలిన నాలుగూ కటింగ్ ప్లయర్ ఎక్కడ మరిచిపోయానో వెతుక్కోవడానికి.

ఆ గీతలు చూశాక బండిలో కొన్ని వస్తువులకు కొత్త విలువ వచ్చింది. సీటు అంచు ఒక ఉదాహరణ. నా బండిలో సీట్లు పందెం కార్ల సీట్లలా ఇరువైపులా మెత్తగా పైకి లేచి ఉంటాయి. మలుపుల్లో ఒంటిని పట్టి ఉంచడానికి అవి బాగుంటాయి కానీ, దిగిన ప్రతిసారీ తొడ కింది భాగం ఆ అంచు మీద రాసుకుంటుంది. పక్కింటి రాంచ్ పెద్దాయనది పాత బండి; అందులో ఉన్నది బల్లలాంటి చదును సీటు. ఆయన వయసు డెబ్బై దాటింది. నేను ఒక కాలు కింద పెట్టేలోగా ఆయన జారి దిగి గేటు గొలుసు విప్పేస్తాడు. పార్కింగ్ బ్రేకు కూడా అలాంటిదే. అది చేతికి సులువుగా అందేచోట ఉందా, లేక మోకాలి కింద ఎక్కడో ఉందా అన్నది షోరూమ్‌లో ఎవరూ చూడరు. 47 సార్లు వేసి, 47 సార్లు తీసేవాడికి అది చాలా పెద్ద విషయం.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వేయవచ్చు: ఒక్కోసారి పది సెకన్లు ఎక్కువ పట్టినా రోజంతటికీ ఎనిమిది నిమిషాలే కదా, అంత రాద్ధాంతం ఎందుకు? నిమిషాలు పోతే పోనివ్వండి. అసలు నష్టం ఏమిటంటే, దిగడం కష్టమైనకొద్దీ మనిషి దిగడం మానేస్తాడు. కంచె మీద ఒకచోట మేకు ఊడి వల వదులైనట్టు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాంలే అని ముందుకు పోతాం. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో దారిన వస్తాం. మేకలు మాత్రం ఆ చోటును మరిచిపోవు.

బెడ్ అంచు ఎంత ఎత్తు

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, ఆ అంకెను కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి, దాని అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో చిన్న అక్షరాల్లోనైనా అరుదుగా వేస్తారు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పెరిగేవే. నా బండి కొన్నప్పుడు బెడ్ అంచు 34 అంగుళాలు. ఎత్తు కిట్టూ పెద్ద టైర్లూ వేయించాక 37 అయింది. ఆ మూడు అంగుళాలు ఏ పాటివి అనుకున్నాను. దాణా బస్తా 50 పౌన్లు, అంటే దాదాపు 23 కిలోలు. నడుము దగ్గర పట్టుకున్న బస్తాను అదే ఎత్తులో పక్కకు జరపడం ఒక పని, దాన్ని మళ్లీ రొమ్ము దాకా ఎత్తి పడేయడం పూర్తిగా ఇంకో పని. ఇరవై బస్తాలకు బెడ్ సామర్థ్యం నిండుతుంది, పద్నాలుగో బస్తాకే నా నడుము సామర్థ్యం నిండుతుంది. మేకల కంచెకు వాడే వల చుట్ట, 330 అడుగులది, రెండు వందల పౌన్ల దగ్గర తూగుతుంది. దాన్ని నేనూ మా అబ్బాయీ కలిసి 34 అంగుళాల ఎత్తుకు ఎక్కించగలిగాం. ఎత్తు పెంచాక రెండు చెక్కలు ఏటవాలుగా ఆనించి దొర్లించవలసి వచ్చింది.

పెద్ద టైర్లతో, పెంచిన ఎత్తుతో తడి రేగడిలో బాగా పోవచ్చని అనుకున్న మాట నిజమే. కొంత వరకు పోయింది కూడా. కానీ రేగడిలో బండి ఆగిపోయేది కింద నేల తగిలి కాదు. బురద టైరు గాళ్లలో ఇరుక్కుని టైరు నున్నటి ఉండలా మారడం వల్ల. ఎత్తు పెంచినా ఆ ఉండ తగ్గదు. వాన కురిసిన రెండు రోజుల దాకా పొలంలోకి దిగకపోవడమే దానికి మందు అని మా తాత ఎద్దుల బండికి పెట్టుకున్న నియమాన్ని నేను పన్నెండు వందల డాలర్లు ఖర్చు పెట్టి మళ్లీ కనుక్కున్నాను.

ఎద్దుల బండి మాట వచ్చింది కాబట్టి మరొకటి. మా ఊళ్లో చేలకు పెంట తోలేటప్పుడు, ఎద్దులను విప్పి కాడిని పైకి లేపేవారు. బండి ఇరుసు మీద వెనక్కి వాలి, సగం పెంట దానంతట అదే జారిపోయేది. మిగిలింది పారతో లాగేవారు. చిన్నప్పుడు నాకు అది ఆట. ఇక్కడ బండి కొనేటప్పుడు మీట నొక్కితే బెడ్ లేచే ఎలక్ట్రిక్ సదుపాయాన్ని సోమరుల వస్తువని కొట్టేసి, ఆ డబ్బు లైట్ల పట్టీకి పెట్టాను. చేత్తో ఎత్తే బెడ్ సులభంగా లేవాలంటే బరువు వెనకకు సర్ది ఉండాలి; కంకరో ఎరువో పారతో నింపేటప్పుడు అది మన మాట వినదు, ముందుకే చేరుతుంది. అప్పుడు నాలుగైదు వందల పౌన్ల బరువును భుజం ఆనించి లేపాలి, లేదా అంతా పారతోనే దించాలి. ఆరేళ్లలో నేను కొననందుకు బాధపడిన ఆప్షన్ ఇదొక్కటే. లైట్ల పట్టీని బహుశా ఐదుసార్లు వెలిగించి ఉంటాను, వెలిగించినప్పుడల్లా కౌంటీలోని పురుగులన్నీ నా ముఖం మీదికే వచ్చాయి.

బరువు గురించి ఇంకొక మాట చెప్పి ముందుకు వెళ్తాను. పెద్ద సైజు బండ్లలో చాలావాటికి బెడ్ సామర్థ్యం 1,000 పౌన్లని రాస్తారు. ఆ అంకె పక్కనే బండి మొత్తం మోయగల బరువు అని ఇంకో అంకె ఉంటుంది, అందులో మనుషులూ సామానూ తగిలించిన సరంజామా అన్నీ కలుస్తాయి. అద్దాల క్యాబిన్, ఏసీ కలిపితే రెండు మూడు వందల పౌన్లు అవుతాయి. వించ్, దాన్ని బిగించే ఇనుప పలక, ముందు గార్డు కలిపితే ఇంకో వంద దాకా. ఇద్దరు మనుషులు ఎక్కాక బెడ్‌కు మిగిలేది షోరూమ్‌లో చెప్పిన వెయ్యి కాకపోవచ్చు. పైగా ఆ వెయ్యి కూడా కేవలం ఇనుము బలాన్ని బట్టి వచ్చిన అంకె కాదు. హోండా పయనీర్ 1000 బెడ్‌కు ఇతర రాష్ట్రాల్లో 1,000 పౌన్లని రాస్తే, కాలిఫోర్నియాలో అమ్మే అదే బండికి 600 అని రాస్తారు. మా తోడల్లుడి 14 టిక్కుల్లో సగం, అతను మోయించదలచిన బరువును తినేసేవే.

తొణికే నీళ్లు

టెక్సస్ రాంచ్‌లలో పశువులకు తవ్విన చిన్న చెరువును ట్యాంక్ అంటారు. మన నీటిపారుదల శాఖ కాగితాల్లో చెరువును ట్యాంక్ అని రాయడం చూసి పెరిగిన నాకు ఈ మాట ఇక్కడ వినగానే ప్రాణం లేచి వచ్చింది. మా ట్యాంకుకూ ఒక కట్ట ఉంది, కట్ట మీద చిల్లచెట్లు మొలుస్తాయి, వాటి వేళ్లు కట్టను తొలిచేయకుండా ఏటా మందు కొట్టాలి.

మూడేళ్ల కిందట బెడ్ మీద 50 గ్యాలన్ల స్ప్రేయరు పెట్టుకుని ఆ కట్ట వాలు మీద అడ్డంగా పోతున్నాను. గ్యాలను నీళ్ల బరువు 8.34 పౌన్లు కాబట్టి నిండు డబ్బా నాలుగు వందల పౌన్ల పైమాటే. అప్పటికి సగం అయిపోయింది, బరువు తగ్గింది కదా అని ధీమాగా ఉన్నాను. నిండుకుండ తొణకదని ఊరికే అనలేదు. ముందు చక్రం ఒక గుంటలోకి దిగగానే డబ్బాలోని నీళ్లన్నీ ఒక్కసారిగా వాలు వైపుకు ఊగాయి, వాటితోపాటు బండీ ఊగింది. పైవైపు వెనక చక్రం గాలిలోకి లేచిన సంగతి నాకు చప్పుడు ద్వారా తెలిసింది. నేల మీద నలుగుతున్న గడ్డి చప్పుడు ఒకవైపు ఆగిపోయింది. ఒకటిన్నర క్షణమో రెండు క్షణాలో. తరువాత చక్రం కిందికి పడింది.

అప్పుడు నేను సీటు బెల్టు పెట్టుకుని లేను. ఇది నా వాదనకు తగిలే దెబ్బ కాబట్టి దాచకుండా చెప్పాలి. రోజుకు 47 సార్లు దిగేవాడే బెల్టును అందరికంటే ఎక్కువగా ఎగవేస్తాడు. ఇప్పటి బండ్లలో చాలావాటికి బెల్టు పెట్టకపోతే వేగం 15 మైళ్లు దాటనివ్వని ఏర్పాటు ఉంది. దాన్ని మోసగించడానికి బెల్టును వీపు వెనక నుంచి పెట్టి క్లిప్పు నొక్కేసే అలవాటు చాలామందికి ఉన్నట్టే నాకూ ఉండేది. తలపైన ఉండే ఇనుప చట్రం, బండి బోల్తా పడినప్పుడు, దాని లోపల ఉన్న మనిషినే కాపాడుతుంది. బయటకు జారిన మనిషి మీద ఆ చట్రమే పడుతుంది. కాబట్టి దిగడం సులువుగా ఉండాలన్న నా సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని తలుపులు, వలలు, బెల్టులు అన్నీ అడ్డమే అనుకుంటే అది నన్ను ఆ కట్ట కింద పాతిపెట్టి ఉండేది. ఇప్పుడు నేను చెప్పేది ఇంకొంచెం సవరించిన మాట: బెల్టు క్లిప్పు చూడకుండానే ఒక చేత్తో పెట్టగలిగేచోట, సీటు మీద పైకి నిలబడి ఉండాలి. సీటు సందులోకి జారిపోయే క్లిప్పు ఉన్న బండిని, ఇంకెన్ని గుణాలున్నా, నేను కొనను. స్ప్రేయరు కూడా పొట్టిగా వెడల్పుగా ఉండి, లోపల అడ్డుగోడలు ఉన్నదానికి మార్చుకున్నాను.

బెల్టు కాలిన వాసన

ఇక్కడ బెల్టు అంటే వేరే బెల్టు. ఎక్కువ సైడ్ బై సైడ్లలో ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది ఒక రబ్బరు బెల్టు. నడపడానికి అంతకంటే తేలిక ఇంకొకటి లేదు, యాక్సిలరేటర్ తొక్కితే చాలు. కానీ ఈ బెల్టు వేగంగా తిరిగితేనే చల్లగా ఉంటుంది. బరువు లాగుతూ నత్తనడక నడిస్తే పుల్లీ మీద జారి వేడెక్కుతుంది. పొలం పని మొత్తం బరువు లాగుతూ నత్తనడక నడవడమే.

మా వాగు పక్కన ఒక బోడార్క్ చెట్టు గాలివానకు పడింది. ఈ కౌంటీలో వాగుకూ కొత్త చెరువుకూ కూడా ఆ చెట్టు పేరే పెట్టారు. కంచె గుంజలకు దాని కలపను మించింది లేదంటారు, బరువూ దానికి తగ్గట్టే ఉంటుంది. దుంగలు కోసి చిన్న ట్రైలరులో వేసి ఒడ్డు మీదికి లాగుతున్నాను. లో గేరు వేయవలసిన చోట హై గేరులోనే ఉంచాను, ఎందుకంటే గేరు మార్చడానికి బండిని పూర్తిగా ఆపాలి, ఆపితే మళ్లీ కదలదేమోనని భయం. ముందు కాలిన రబ్బరు వాసన వచ్చింది, తరువాత పేలిన చప్పుడు, ఆ తరువాత ఇంజను ఉత్తినే అరవడం. బెల్టు ఖరీదు పెద్ద లెక్క కాదు. క్లచ్చు గూడులో పీచులు పీచులుగా చుట్టుకున్న దాని ముక్కలను శ్రావణంతో ఒక్కొక్కటిగా లాగడానికే ఒక పూట పట్టింది.

ఆ తప్పు నాదే, బండిది కాదు. అయినా ఆ తప్పు చేయడానికి వీల్లేని బండ్లు ఉన్నాయని తరువాత తెలుసుకున్నాను. కుబోటా కంపెనీ ఆర్‌టీవీ అనే డీజిల్ పని బండ్లలో బెల్టు బదులు ట్రాక్టర్లలో లాగా నూనె ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ ఏర్పాటు ఉంటుంది. అవి గంటకు 30 మైళ్లు దాటవు; ఎక్కిన కుర్రవాళ్లు పెదవి విరుస్తారు. కానీ పెడల్ మీద నుంచి కాలు తీస్తే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది, బరువైన ట్రైలరు వెనక నుంచి తోస్తున్నప్పుడు ఆ గుణం విలువ తెలుస్తుంది. డీజిల్ కావడం వల్ల ట్రాక్టరుకు తెచ్చుకున్న, రోడ్డు పన్ను లేని ఎర్ర రంగు డీజిల్‌నే దీనికీ పోయవచ్చు, ఒకే డబ్బా సరిపోతుంది. హోండా పయనీర్లు బెల్టు లేకుండా గేర్ల మీదే నడుస్తాయి. నా పనిని బట్టి చూస్తే ఈ రెండింటిలో ఏదైనా నాకు నప్పేది. 47 సార్లు ఆగి కదిలేవాడికి అశ్వశక్తి అంకె కంటే ఇది ముఖ్యమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఎలక్ట్రిక్ బండి గురించి మాత్రం నాకు ఇంకా ఊగిసలాట ఉంది. పోలారిస్ వారు 2021 డిసెంబరులో రేంజర్ కైనెటిక్‌ను ప్రకటించారు. రెండు రకాల బ్యాటరీలు, ఒకసారి చార్జి చేస్తే 45 మైళ్లు లేదా 80 మైళ్ల దాకా అన్నారు. రోజుకు 6 మైళ్లు తిరిగే నాకు చిన్నదే ఎక్కువ. పక్కాయన స్నేహితుడి దగ్గర ఒకసారి నడిపి చూశాను. కంచె పక్కన ఆగి దిగేసరికి ఎక్కడో నీళ్ల గొట్టం సన్నగా కారుతున్న చప్పుడు వినిపించింది. నా బండి ఇంజను నడుస్తుంటే అది ఎన్నటికీ వినపడదు. ధర విని మళ్లీ నా బండి ఎక్కాను.

వించ్ ఉంది, చెట్టు లేదు

వించ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఒక మధ్యాహ్నం చెబితే చాలు. మార్చి నెలలో, వాన పడ్డ మర్నాడే, ఆత్రం కొద్దీ పొలం మధ్యకు వెళ్లి కూరుకుపోయాను. వించ్ ఉందన్న ధైర్యంతోనే వెళ్లాను. దాని తాడు 50 అడుగులు. దిగి నాలుగు దిక్కులా చూస్తే అన్నిటికంటే దగ్గర చెట్టు మూడు వందల అడుగుల దూరంలో ఉంది. బీడుభూమి అంటే చెట్లు లేనిదని కొన్న రోజునే తెలుసు, కానీ వించ్ కొన్న రోజున గుర్తు రాలేదు. అడవి దారుల్లో తిరిగేవారికి వించ్ ప్రాణం పోయగలదు. నా పొలంలో అది వాగు ఒడ్డున దుంగలు లాగడానికి మాత్రం పనికొస్తుంది, దానికైతే బండి వెనక కొక్కేనికి గొలుసు తగిలించినా చాలు.

ఆ డబ్బుతో ముందే టైర్లు మార్చుకోవలసింది. పెద్దవి కాదు, మందమైనవి. బోడార్క్ కొమ్మలకూ హనీ లోకస్ట్ మానులకూ ముళ్లుంటాయి, లోకస్ట్ ముల్లు వేలంత పొడుగు. మొదటి ఏడాది తొమ్మిది పంక్చర్లు. ఎనిమిది పొరల టైర్లు వేయించాక ఏడాదికి ఒకటో రెండో. పంక్చరు పడినప్పుడల్లా దిగవలసిందే కదా, కాబట్టి దిగవలసిన అవసరం తగ్గించే ఆప్షన్ ఏదైనా ఉందంటే ఇదే.

అద్దాల గది

ఇక ఇంట్లో ఉన్న ఆక్షేపణ. క్యాబినూ ఏసీ దండగని నేను చాలాకాలంగా అంటున్నాను. రోజుకు 47 సార్లు తలుపు తీసి వేస్తే చల్లదనం ఎక్కడ నిలుస్తుంది? అద్దాల వెనక కూర్చుంటే మేక పిల్ల అరుపు వినపడదు, కంచె మీద కరెంటు టిక్కుటిక్కుమనడం వినపడదు. మరీ గాలి తట్టుకోలేకపోతే పైకప్పు, ముందు సగం అద్దం సరిపోతాయి. ముందు పూర్తి అద్దం పెట్టి వెనక ఏమీ పెట్టకపోతే మాత్రం వెనక లేచిన దుమ్మంతా సుడి తిరిగి మెడ మీదికి వస్తుంది, అది అందరూ ఒకసారి చేసి తెలుసుకునే తప్పు.

ఈ ధోరణిలో ఒకరోజు చెబుతుంటే మా ఆవిడ ఆపి అడిగింది: "దిగేది మీరు. మరి నేనో?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె వివరించింది. వారాంతాల్లో ఇద్దరం కలిసి కంచె పని చేస్తే, ఆమె బండి నడుపుతుంది, నేను దిగి గుంజలు దింపుతూ, వల లాగుతూ నడుస్తాను. ఆమె పది అడుగులు పోనిస్తుంది, ఆగుతుంది, మళ్లీ పది అడుగులు. మూడు గంటలు అదే. జూలైలో నూరు ఫారన్‌హీట్ డిగ్రీల ఎండలో కదలని బండిలో కూర్చోవడం, రాగ్‌వీడ్ పుప్పొడి కాలంలో తుమ్ముతూ కూర్చోవడం, ఇవి నా సుద్ద గీతల్లోకి రాలేదు. నేను ఒంటరిగా పని చేసిన రోజున లెక్కపెట్టి, ఆ లెక్కను ఇద్దరి మీదా రుద్దాను. 2021 ఫిబ్రవరిలో డాలస్ విమానాశ్రయం దగ్గర సున్నాకు రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు కిందికి పడిపోయిన వారంలో, నీళ్ల తొట్టెల్లో మంచు పగలగొట్టడానికి రోజుకు మూడుసార్లు వెళ్లాం. గొడ్డలి నా చేతిలో ఉంది కాబట్టి నాకు చెమట పట్టింది. స్టీరింగు పట్టుకున్న ఆమె వేళ్లు మొద్దుబారిపోయాయి.

ఇది నా వాదనను పడగొట్టిందని అనను, కానీ వంకర తీసింది. దిగే మనిషికి ఒక బండి కావాలి, దిగని మనిషికి ఇంకొకటి కావాలి, కొనేది మాత్రం ఒకటే. మేం చివరికి వెనక పలకా, ముందు సగానికి తెరుచుకునే అద్దమూ, గుడ్డ తలుపులూ పెట్టి, ఒక చిన్న హీటరు బిగించాం. ఏసీ సంగతి ఇంకా తేలలేదు. ఈ వ్యాసం చదివితే మళ్లీ మొదలవుతుంది.

జపాను చిన్న లారీ

అసలు సైడ్ బై సైడ్ ఎందుకని అడిగేవారూ ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. పాతికేళ్లు నిండిన జపాను కేయి ట్రక్కులను ఇప్పుడు చాలామంది తెప్పించుకుంటున్నారు. 660 సీసీ ఇంజను, 350 కిలోలు మోసే సామర్థ్యం, మూడు వైపులా తెరుచుకునే చదును బెడ్. ఆ బెడ్ నా బండి బెడ్ కంటే చాలా కిందికి ఉంటుంది. స్టీరింగు కుడివైపు, ఎక్కగానే ఊళ్లో ఉన్నట్టుంటుంది. నా సూత్రం ప్రకారం చూస్తే, పని వాహనంగా అది చాలా సైడ్ బై సైడ్ల కంటే మేలు. పక్కన వంద ఎకరాలు గట్టి నేల ఉన్నవారికి నేను అదే చెబుతాను. నల్లరేగడిలో మాత్రం దాని చిన్న చక్రాలు నెర్రెల్లో పడతాయి, తడిలో దిగబడతాయి. పాత పికప్ ట్రక్కుతో కూడా ఇదే గొడవ, పైగా బరువు మూడింతలు. వెడల్పు టైర్లతో తేలికగా ఉండే బండి ఈ నేలకు కావాలి, అందుకే దీన్ని పూర్తిగా వదులుకోలేకపోతున్నాను.

1988లో కవాసాకీ ఇలాంటి పని బండికి మ్యూల్ అని పేరు పెట్టింది, అంటే కంచరగాడిద. తరువాత వచ్చిన బండ్ల పేర్లు ఖడ్గమృగాలూ మొసళ్లూ యోధులూ అయ్యాయి. నాకు ఆ మొదటి పేరే నచ్చుతుంది. గాడిదను కొనేవాడు దాని పరుగు చూడడు.

పోయిన ఆదివారం మా తోడల్లుడితో కలిసి ఆ షోరూమ్‌కు వెళ్లాను. అతను టిక్కులు పెట్టిన బండి దగ్గర నిలబెట్టి, ఇరవై సార్లు ఎక్కి దిగమన్నాను. సేల్స్ కుర్రవాడు మొదట నవ్వాడు. ఎనిమిదోసారికి మా తోడల్లుడు మోకాలు తలుపు చట్రానికి తగిలించుకున్నాడు. పన్నెండోసారికి స్వెట్టరు విప్పాడు. ఈలోగా మా మరదలు డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకు జరగదనీ తన కాలు బ్రేకుకు సరిగా అందడం లేదనీ చెప్పింది. ఆ మాట విని అతను ఇరవై పూర్తి చేయకుండానే ఆపేశాడు. పక్కనే, ఎవరూ చూడని మూలలో, ఏ కిట్టూ లేని ఒక డీజిల్ బండి ఉంది. సేల్స్ కుర్రవాడిని అడిగితే ఎక్కడినుంచో టేపు తెచ్చాడు. బెడ్ అంచు 33 అంగుళాలు. మా తోడల్లుడు జాబితా వెనక్కి తిప్పి ఆ అంకె రాసుకుని, ముందు వైపుకు తిప్పి టిక్కులు కొట్టేయడం మొదలుపెట్టాడు. స్పీకర్ల దగ్గర మాత్రం కలం ఆగింది, నా వైపు చూశాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను.